క్యాన్సరూ, కన్నీరూ, కథావస్తువూ

మన సినిమాల్లో, మన కథల్లో క్యాన్సరు తరచు ఒక జబ్బుగా కాక విధిగా ప్రవేశిస్తుంది. ఇది కేవలం శిల్పలోపం కాదనీ, దీని ఫలితాన్ని బతికున్న మనుషులు అనుభవిస్తున్నారనీ చెప్పటమే నా వుద్దేశం.

1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం' తీసుకుందాం. నాయకుడికి క్యాన్సరని తెలుస్తుంది. ఆ సంగతి దాచి, ప్రేమించిన పిల్ల తనను అసహ్యించుకునేట్టు చేసి, త్యాగమూర్తిగా మరణిస్తాడు. ప్రేక్షకులు కంటతడి పెట్టారు, నేనూ పెట్టాను. నటన గొప్పదే. కాని ఆ జబ్బును ముందుగా పట్టుకోవచ్చునా, ఎవరికి వైద్యం అందుతుంది, ఎవరికి అందదు అన్న ప్రశ్నలు ఆ కథకు అక్కర్లేదు. అవి అడిగితే త్యాగం నిలవదు. కనుక జబ్బును సమాజం నుంచి విడదీసి నుదుటిరాతగా మార్చారు.

ఆ రాత ఎంత లోతుగా పాతుకుపోయిందో నాకు నూజివీడులో తెలిసింది. మామిడి కోతల రోజుల్లో ఒక తోటకు వెళ్ళాను. ఆడవాళ్ళు చెట్ల నీడన కూర్చుని బంగినపల్లి కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతున్నారు. మచ్చ వున్న కాయను ఒక్క చూపుతో పట్టి పక్కన పెడుతున్నారు. వారిలో పొగాకు నమిలే ఒకామె, తన బుగ్గలోపల చాలాకాలంగా తెల్లమచ్చ వున్నదని చెప్పింది.

"డాక్టరుకు చూపించుకోలేదా అమ్మా?" అన్నాను.

"ఎందుకు మాస్టారూ? అదే అయితే పోవటమే గదా, సినిమాల్లో చూళ్ళేదా! పైగా ఆ రోజు కూలి పోద్ది."

ఆ జవాబులో కూలి సంగతి నిజం. పోవటమే గదా అన్నది అబద్ధం. ఆ అబద్ధం నేర్పినవాళ్ళలో మనమూ వున్నాం.

తెల్లమచ్చ ప్రతిదీ క్యాన్సరు కాదు. అయ్యేదాన్ని ముందే పట్టుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో నిప్పువైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుకూ, అంగిట్లో వచ్చే మార్పులకూ వున్న సంబంధాన్ని 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లోనే ప్రకటించారు. కేరళలో తిరువనంతపురం ప్రాంతాన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. అందుకు పెద్ద యంత్రాలు కావలసిరాలేదు. శిక్షణ పొందిన కన్నూ, మంచి వెలుతురూ చాలాయి.

ఇంకొక లెక్క వున్నది. ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో వుండిన ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,746 మంది స్త్రీలను నాలుగు జట్లు చేసి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుపై పరిశోధన జరిపారు. వైరస్ పరీక్ష ఒక్కసారి ఏర్పాటుచేసిన 34,126 మందిలో ఆ జబ్బుతో 34 మంది చనిపోయారు. మామూలు వైద్యానికే వదిలిన 31,488 మందిలో 64 మంది చనిపోయారు. 2009లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచానికి పనికివచ్చింది. ఆ జ్ఞానానికి వెల చెల్లించినవాళ్ళు పల్లెటూరి స్త్రీలు. వాళ్ళ మీద మనం రాసిన కథ ఏది?

కథ వైద్య కరపత్రం కాదని మిత్రులంటారు. ఒప్పుకుంటాను. కాని ఒకరోజు కూలికీ తన ప్రాణానికీ మధ్య నిలబడ్డ స్త్రీ మనసులోని ఘర్షణ కరపత్రం కాదు, అది కథే. ప్రేమికుడి త్యాగం కన్న బరువైన కథ.

ఆ చిత్రంలో నాయకుడి పాత్ర ధరించిన అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సరని స్వయంగా ప్రకటించారు. 2014 జనవరిలో కన్నుమూశారు. పాత్ర దాచినదాన్ని నటుడు దాచలేదు. నటుడు చూపిన ఈ దారి మన రచనల్లోకి యింకా రావలసే వున్నది.

తోటలో ఆమె, కోతలయ్యాక చూద్దాం అన్నది. అప్పటిదాకా ఆ మచ్చ ఆగుతుందని ఎవరూ హామీ యివ్వలేరు. ఆమెకు పోయే కూలి ఎవరివ్వాలి, ఆమె వూరికి పరీక్ష ఎందుకు రాలేదు అని అడిగే రచన కోసం ఎదురుచూస్తున్నాను.