సున్నా తేడాలు

‘హైదరాబాద్’ అన్న పేరును యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు. ‘హై’లోని ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, లేదా ఎత్వానికి ఒకటి, కింది గుర్తుకు ఒకటి చొప్పున రెండు కోడ్‌లుగా ఉండొచ్చు. తెర మీద చూస్తే ఒకటే పేరు, బైట్లు వేరు. ఒక టేబుల్‌లో మొదటి రూపం, మరో టేబుల్‌లో రెండో రూపం పడ్డాయంటే, బైట్లను బట్టి పోల్చే జాబ్ ఒకే ఊరిని రెండు ఊళ్లుగా లెక్కేస్తుంది.

కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో డేటా మైగ్రేషన్ మీద పనిచేసేవాళ్లకు ఇలాంటి మిస్‌మ్యాచ్‌లు కొత్త కాదు. కనబడే తేడాను వెంటాడి పట్టుకోవచ్చు. అన్ని వరుసల్లోనూ సమయం సరిగ్గా అయిదున్నర గంటలు జరిగి ఉంటే ఒక పక్క యూటీసీ, ఇంకో పక్క మన సమయం ఉన్నట్టే. చివరి కొన్ని నిమిషాల వరుసలే తేడా చూపిస్తే, రెండు టేబుళ్లనూ ఒకే క్షణంలో చదవలేదేమో చూడాలి.

అసలు భయపడాల్సింది ‘తేడాలు: 0’ అన్న రిపోర్టుకు.

ఎస్‌క్యూఎల్‌లో నల్ అంటే సున్నా కాదు, విలువ తెలియదని. ఒక టేబుల్‌లో ఫోన్ నంబరు ఉండి, రెండో దాంట్లో నల్ ఉందనుకుందాం. ఈ రెండూ వేరా అని మామూలు గుర్తుతో అడిగితే జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు. అలాంటి వరుసను వేర్ షరతు వదిలేస్తుంది. నంబరు పోయిన ఖాతా రిపోర్టులోకి ఎక్కనే ఎక్కదు. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్’ ఉన్నది ఈ అవసరానికే.

జాబే నడవకపోయినా తేడాలు సున్నాయే. జావా షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్‌లో పదే పదే నడిచే టాస్క్ నుంచి ఒక్క ఎక్సెప్షన్ బయటికి జారితే చాలు, ఆ తర్వాతి రన్‌లన్నీ చప్పుడు లేకుండా ఆగిపోతాయి. ప్రాసెస్ బతికే ఉంటుంది, సర్వర్ బాగానే కనిపిస్తుంది. అందుకే రెండు వైపులా ఎన్ని వరుసలు చదివిందో, ఎప్పుడు ముగిసిందో జాబ్ రోజూ లాగ్‌లో రాయాలి. ఇంకా మంచిది, తెలిసిన తేడా ఒకటి పరీక్ష కోసం టేబుల్‌లో పెట్టి ఉంచడం. ఉదయానికి అది రిపోర్టులో లేకపోతే మిగతా రిపోర్టును నమ్మకూడదు.

ఈ పట్టింపు అతిగా అనిపించేవాళ్లు తెలంగాణ రేషన్ కార్డుల సంగతి గుర్తుచేసుకోవాలి. వేర్వేరు శాఖల డేటాబేసుల్లోని పేర్లు, చిరునామాలు జతచేసి ఒక కుటుంబం వివరాలన్నీ ఒకచోట చూపడానికి రాష్ట్రం ‘సమగ్ర వేదిక’ను వాడింది. కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడి కార్డులు రద్దుచేశారన్న పిటిషన్ సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. కారే లేని ఇంటికి కారు రికార్డు జతపడి బియ్యం ఆగిపోయిన ఉదంతాలు తర్వాత పత్రికల్లో వచ్చాయి. ‘మహమ్మద్’ను ఒక గుమాస్తా పూర్తిగా రాస్తాడు, మరొకరు ‘ఎండీ’తో సరిపెడతారు, ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట పొడి అక్షరమే మిగులుతుంది. పేర్ల పోలికతో ఇద్దరిని ఒకరనుకోవడం ఎంత తేలికో, ఒకరిని ఇద్దరనుకోవడమూ అంతే తేలిక.

కాబట్టి పోలిక జాబ్ ‘జత కుదిరింది’ అని ఒక్క గుర్తు పెట్టి ఊరుకుంటే చాలదు. రెండు వైపుల అసలు విలువలనూ, ఏ నియమం ప్రకారం జతచేసిందో దానినీ భద్రపరచాలి. అప్పుడే తనిఖీకి ఇంటికెళ్లిన ఉద్యోగి ఫలానా బండి నంబరు మీదేనా అమ్మా అని అడగగలుగుతాడు, ఆమె కాదని చెప్పగలుగుతుంది.