టెలివిజన్ హాస్యమున శ్రమజీవి

శ్రమజీవిని చూచి నవ్వుట వేరు; ఆతని బ్రతుకులోని చిక్కులనుండి నవ్వు పుట్టుట వేరు. అమెరికాలో 1955లో ప్రసారమైన ‘హనీమూనర్స్’ నాయకుడు బస్సు డ్రైవరు. చాలీచాలని జీతముతో ఆతడు కట్టు గాలిమేడలే అందలి హాస్యమునకు ఆధారములు. ఇది రెండవ తెగకు చెందినది.

మనకు హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఏర్పడినది. 1995లో ప్రైవేటు ప్రసారములు వచ్చిన పిదప హాస్యమునకు చోటు పెరిగినది. 2001 మొదలు 2007 వఱకు జెమినీ టీవీలో వచ్చిన గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ ఇందు ముఖ్యమైనది. అమృతరావు, ఆంజనేయులు నడపు చిన్న హోటలు, అద్దెకై వెంటబడు అప్పాజీ, వడ్డన చేయు సర్వం ఇందలి పాత్రలు. సాగని బేరము, తీరని బాకీ ఇచట కథను నడపును. అయినను కథకు ఇరుసు యజమానుల ఆశయే కాని వడ్డించువాని ఆశ కాదు.

2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ పద్ధతి వేరు. కొలది నిమిషములలో ముగియవలసిన ప్రహసనమున పాత్రను తక్షణమే గుర్తింపజేయవలెను. కావున లుంగీ, యాస, దేహాకృతి తఱచు వృత్తికి బదులుగా నిలుచును. పనివాడు కనబడును; పని కనబడదు.

ఇది మన పగటివేషముల సంప్రదాయమే కదా యని కొందఱనవచ్చును. పోలిక కలదు, కాని భేదము గొప్పది. పగటివేషగాడు ఊరి వీథిలో ఆడెడివాడు. తాననుకరించు వృత్తివారు ఆ ప్రేక్షకులలోనే యుందురు. మాట తప్పినను, పనిముట్టు పట్టుట తప్పినను వారు తత్క్షణమే పట్టుకొందురు. సంభావన ఈయవలసినవారును ఆ ఊరివారే. టెలివిజన్ ప్రహసనమునకు తీర్పు చెప్పువారు వేదిక యెదుట కూర్చున్న న్యాయనిర్ణేతలు. వృత్తివాని ఆక్షేపణ అచటికి చేరదు.

వాడరేవు తీరమున నిలిచి చూచినచో ఈ లోపము స్పష్టమగును. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము. పని లేని ఆ దినములలో వలలు బాగుచేసికొనుట, అప్పిచ్చినవానికి నచ్చజెప్పుట, తిరిగి కడలికి పోవు దినమును లెక్కించుట — ‘అమృతం’ హోటలు బాకీలకంటె ఇవి హాస్యమునకు తక్కువ తగినవి కావు. సమీపమున చీరాల మగ్గములవారి బ్రతుకును అట్టిదే.

వారి యాసను తెరపై వినుచున్నాము. వారి లెక్కలను వినుటలేదు. తన తండ్రి పలుకు నవ్వులపాలగుట చూచిన బాలుడు బడిలో ఆ పలుకును దాచుకొనును. ఆ పనిలోని నేర్పును, చిక్కును చూచి నవ్విన బాలుడు తన ఇంటిని గుర్తించును. పరిశోధకులు హాస్యమును తూచునపుడు నవ్వు ఎంత పుట్టినదని మాత్రమే కాక, ఎవరి యెదుట నిలిచి పుట్టించినదని కూడ అడుగవలసియున్నది.