చెయ్యి పడిపోకుండా ఎగిరితే

అక్టోబర్ 29, ప్రపంచ పక్షవాత దినం వచ్చిందంటే ఆసుపత్రి గోడల మీద మూడు గుర్తులు కనిపిస్తాయి: మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. చెయ్యి చచ్చుబడకుండానే దానంతటదే ఎగిరెగిరి పడడం కూడా కొందరిలో పక్షవాతానికి తొలి గుర్తని ఆ పోస్టర్లు చెప్పకపోవడం బాధాకరం.

మెదడు లోపలి పొరల్లో, కదలికలను అదుపు చేసే కేంద్రాలలో శనగగింజంత ఉండే సబ్‌థలామిక్ కేంద్రకం ఒకటి. దానికి నెత్తురు అందకపోతే ఆ అదుపు తప్పి, శరీరంలో ఎదుటి పక్క కాలూ చెయ్యీ విసురుగా ఎగురుతాయి. దీన్ని హెమిబాలిస్మస్ అంటారు. కదలికలు అంత విసురుగా కాక మెలికలు తిరుగుతూ సాగితే అది హెమికొరియా. మెడలోని కెరోటిడ్ ధమని బాగా సన్నబడినవారిలో, లేచి నిలబడగానే ఒక పక్క చెయ్యో కాలో కాసేపు వణికి ఆగిపోవడం రాబోయే పెద్ద పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు. రోగికి తెలివి ఉంటుంది కాబట్టి ఇది మామూలు ఫిట్స్ కాదు, గాలి సోకడం అసలే కాదు.

గుర్తు తెలిసినా, రాయలసీమ రోగికి తొలి శత్రువు దూరమే. కర్నూలు వైద్య కళాశాల 1956లో, కడప రిమ్స్ 2006లో వెలిసినా, ఆదోని నుంచి కర్నూలుకు నేటికీ సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించాల్సిందే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను, సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేల్చుకున్నాక, సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. తాయెత్తు కట్టించి తెల్లవారేదాకా చూద్దామనుకునే ఇంట్లో ఆ గడువు నిద్రలోనే గడిచిపోతుంది.

అయినా పోస్టర్‌లో నాలుగో బొమ్మ చేర్చాలన్న కోరిక, ఆలోచించినకొద్దీ, సరైనదిగా తోచదు. పక్షవాత రోగుల్లో నూటికి ఒకరి నుంచి నలుగురిలోనే ఇలాంటి కదలికలు కనిపిస్తాయి. చేతి వణుకులో అధికభాగానికి కారణాలు వేరు. పైగా చక్కెర విపరీతంగా పెరిగిన వృద్ధుల్లో, ముఖ్యంగా స్త్రీలలో, అచ్చం ఇలాంటి హెమికొరియానే వచ్చి, స్కాన్‌లో రక్తస్రావమేమోనని భ్రమపెడుతుంది. చక్కెర అదుపులోకి వస్తే అది చాలామందిలో తగ్గుతుంది. అందుకే వేలికొనన తీసే చుక్క నెత్తురు పరీక్ష ముందు జరగాలి.

పోస్టర్ మూడు గుర్తులతోనే ఉండనివ్వండి. కానీ ఇంట్లో ఎవరికైనా ఒక పక్క మాత్రమే, ఉన్నట్టుండి అలాంటి కదలిక మొదలైతే, చివరిసారి బాగా ఉన్న సమయం రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి.