నెయ్యి చేసే పని

జగ్గయ్యపేట చుట్టుపక్కల చాలా బోర్ల నీళ్ళల్లో పప్పు ఉడకదు. నేల కింద సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. 1882లో జేమ్స్ బర్జెస్ ధనబోడు మీద బౌద్ధస్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడ్డ చెక్కడపు పలకలూ సున్నపురాయివే. బొమ్మలు చెక్కేవాడికి ఎంత మంచి రాయో, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకు అంత తలనొప్పి. అందులోంచి ఊరిన నీళ్ళల్లోని కాల్షియం పప్పుబద్దను బిగించేస్తుంది. గంట ఉడికినా బద్ద బద్దలాగే ఉంటుంది. అందుకని మా పెద్దమ్మ ఇంట్లో ఒకప్పుడు పప్పు కోసమే వేరే బిందె ఉండేది, మునేటి నీళ్ళతో. ఇప్పుడు ఆ బిందె స్థానంలో ఇరవై లీటర్ల డబ్బా వచ్చింది. పప్పుకు తప్ప ఆ డబ్బా మూత తియ్యనివ్వదు. మేం తాగేది మాత్రం బోరు నీళ్ళే.

ఊరు నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, మునేటికి దగ్గర్లో ఉంటుంది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పెద్దమ్మ లెక్కలో మాత్రం ఇప్పటికీ కృష్ణాజిల్లా మెట్టే. మొన్న డిసెంబరు ఆఖర్లో డాలస్ నుంచి మనవరాలు వచ్చింది. వచ్చీ రాగానే తను వీగన్‌నని చెప్పింది.

"అంటే ఏమిటే?"

"పాలు, పెరుగు, నెయ్యి ఏవీ తినను అమ్మమ్మా."

"మజ్జిగ కూడానా?" అని ఒకసారి అడిగి, కాసేపు ఊరుకుని, "అయితే మా చిన్నప్పుడు చేలోకి కూలోళ్ళు తెచ్చుకున్న తిండే గదే అది" అంది.

అది నిజం. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది పడింది. ఎడమ కాలువ నీళ్ళు ఈ మెట్టకు చేరేదాకా ఇక్కడ అన్నమంటే చాలామందికి జొన్నన్నమే, జొన్న సంకటే. పాడి ఉన్న ఇళ్ళల్లోనూ నెయ్యి అమ్మకానికే ఎక్కువ పోయేది. అయినా ఆ సంకటి గొంతు దిగేది. ఎలా దిగేదన్నది ఆ రోజు వంటింటి గడప మీద కూర్చుని చూశాను. నెయ్యి తీసేసి వండడం ఎవరైనా చేస్తారు. నెయ్యి అన్నంలో ఏమేం పనులు చేస్తుందో తెలిసి, ఆ పనులన్నీ ఇంకొకరికి ఒప్పజెప్పడంలో ఉంది పనితనం.

గోంగూర పప్పు చెయ్యమని అడిగాను. పెద్దమ్మ నా వంక జాలిగా చూసింది. "ధనుర్మాసంలో గోంగూరేమిట్రా? పూతకొచ్చి పోలా?" గోగుజాతి మొక్కకు పగటిపొద్దు కురచైతే పూత పడుతుంది. పూత పట్టిన కొమ్మకు ఆకు చిన్నదవుతుంది, పీచు తేలుతుంది. కూరగాయల బజారులో ఏడాది పొడుగునా కట్టలు కనబడుతుంటాయి కాబట్టి మనం ఆ లెక్క మరిచిపోయాం. చలికాలపు పులుపు చుక్కకూరది. పెరట్లో రెండు మళ్ళున్నాయి. ఒకటి చుక్కకూర, ఒకటి మెంతి. కంచె మీద బచ్చలి పాకి ఉంది.

పొయ్యిలో పత్తికట్టె పెట్టింది. కందిపప్పు మట్టిదాకలో దోరగా వేయించి, డబ్బా నీళ్ళు పోసి, పసుపూ ఒక చుక్క నూనే వేసింది. పొంగొచ్చి సగం ఉడికాక తరిగిన బచ్చలి పడింది. చుక్కకూర మాత్రం చేటలో అలాగే ఉంది. నాకు తొందరెక్కువ, రెండూ ఒకేసారి వెయ్యొచ్చుగా అన్నాను. ఒక బద్ద తీసి నా వేళ్ళ మధ్య పెట్టి నొక్కమంది. మధ్యలో సన్నటి పలుకు తగిలింది. "ఇప్పుడు పులుపు పడితే ఆ పలుకు రేపటిదాకా ఉంటది." సున్నపు నీళ్ళు చేసే పనే పులుపూ చేస్తుంది, దారి వేరంతే. బద్ద గోడల్ని కరగనివ్వదు. ఇంకో పది నిమిషాలకు మరో బద్ద నొక్కింది. మెత్తగా పరుచుకుంది. అప్పుడు దిగింది చుక్కకూర. అది ఉడికిందనడం కూడా ఎక్కువే. ఆవిరి తగలగానే పచ్చదనం పోయి, ఆకు ఆకారం పోయి, పప్పులో కలిసిపోయింది.

ఉప్పు ఆ తరవాతే. చేటెడు ఆకు గుప్పెడవుతుంది. ఆకు చూసి ఉప్పేసినవాళ్ళు ఒక్కసారే వేస్తారు అంటుంది పెద్దమ్మ. పప్పుగుత్తిని రెండు అరచేతుల మధ్య పెట్టి ఎనపడం మొదలుపెట్టింది. లెక్కపెట్టాను, పదిహేను తిప్పులు దాటలేదు. మిక్సీ వేసిన పప్పుకూర ఎప్పుడూ ఒకే ముద్దలా ఉంటుంది. దీంట్లో కొంత పేస్టు, కొంత బద్ద, మధ్యమధ్య బచ్చలి కాడ. గరిటె ఎత్తితే జారుతూ, సాగుతూ పడింది. ఆ జారుడు బచ్చలి జిగురుది, చుక్కకూర మెత్తదనానిది. గరగరలాడే జొన్న ముద్దను గొంతు దింపడానికి నెయ్యి చేసే పని ఇదిగో, ఈ రెండాకులకు పడింది.

నెయ్యి వాసన ఉందిగా, దాని సంగతి తిరగమాత చూసుకుంది. నువ్వులనూనె కాగాక ఆవాలు, ఎండుమిరపకాయ, పొట్టుతో కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు ఎర్రబడి, మధ్య తెల్లగా ఉన్నప్పుడే దాకలోకి ఒంపి మూత పెట్టేసింది. వీధిలోకి వాసన పోతే పప్పుకేం మిగుల్తుంది అని గొణుక్కుంది.

శనగాకు మాత్రం మనవరాలే కోసుకొచ్చింది. నల్లరేగడి చేలో వానలు వెళ్ళిపోయాక మిగిలిన పదును మీద పెరిగే పైరు ఇది. నెల దాటాక చివుళ్ళు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, అందుకని రైతూ కాదనడు. మంచు ఆరకముందు వెళ్ళింది కాబట్టి మడమలు చిమచిమలాడుతున్నాయని వచ్చింది. ఆ మొక్క నూగులోంచి ఊరేది మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు. వెనకటివాళ్ళు ఆ పులుపు పోతుందని ఆకు కడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు శనగపురుగుకు మందు కొట్టని చేను అరుదు, కడక్క తప్పదు. పెద్దమ్మ రెండుసార్లు కడిగి, పోయిన పులుపుకు బదులు చివర్లో నిమ్మకాయ పిండింది. నాకు నచ్చిన పనితనం ఇక్కడ ఇంకొకటుంది. ఉల్లిపాయ మగ్గాక, అరగంట నానిన పెసరపప్పు వేసి, వెంటనే ఆకు వేసేసింది. పప్పుకూరలో చుక్కకూరను అంతసేపు ఆపిన మనిషే! ఇక్కడ పెసరపప్పు మెదగకూడదు, గింజ గింజగా నిలవాలి. పొయ్యి మీద దాకలో శత్రువైన పులుపు మూకుట్లో చుట్టమైంది.

ఇక సంకటి. ముందురోజే జొన్నలు తడిపి రోట్లో దంచి, చేటతో పొట్టు చెరిగి, తిరగలిలో విసిరి, జల్లించి నూక ఒక పక్కా పిండి ఒక పక్కా పెట్టుకుంది. ఇంత పని దేనికి, రవ్వ బజార్లో దొరుకుతోందిగా అంటే వినదు. 2023 చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా చెప్పుకున్నాక పాకెట్లకు కరువు లేదన్నది నిజమే, కానీ ఆ పాకెట్ జొన్నపిండి ఎప్పుడు ఆడిందో తెలియదు. పాతబడిన పిండి చేదెక్కుతుంది.

ఎసరు మరిగాక నూక పోసి, అడుగంటకుండా కలుపుతూ, అరగంట దాకా ఉడకనిచ్చింది. నూక ఉబ్బి గంజి చిక్కబడ్డాక పిండిని మధ్యలో గుట్టగా పోసింది. కలపలేదు. మూత పెట్టి మంట లాగేసింది. ఆ కాసేపట్లో పిండి పచ్చివాసన ఆవిరికి పోతుంది. ముందే కలిపేస్తే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది. తరవాత దాకను మసిగుడ్డతో పట్టి, తెడ్డుతో తిరగెయ్యడం. గోధుమకున్న సాగే గుణం జొన్నకు లేదు. దాన్ని ముద్దగా నిలిపేది వేడికి జిగురెక్కిన గంజి, ఆ తెడ్డు దెబ్బ. డెబ్బై దాటిన ఆ భుజం ఒక్కసారి కూడా ఆగలేదు. తెడ్డు ఎత్తితే దాక అంచుల నుంచి సంకటి విడిపోయి వచ్చింది. ఏటి పైన ఖమ్మంవైపు వాళ్ళు గటక అనేది దీని చుట్టమే, కాస్త జారుగా.

రోట్లో పండుమిరపకాయల పచ్చడి. తొలి కోతవి. చింతపండు, ఉప్పు వేసి నూరాక వేయించిన నువ్వుల పొడి కలిపింది. మిరప మంట నీళ్ళకు లొంగదు, నూనెకు లొంగుతుంది. అన్నంలో మంటను కాచే పని కూడా నెయ్యిదే కదా, అది నువ్వులకు వెళ్ళింది. ఉలవచారు కూడా ఉంది, ముందురాత్రి నుంచి మరిగింది. నా మాట అడిగితే, మీగడ లేని ఉలవచారులో ఏదో వెలితి ఉంది. ఆ ఒక్క పనీ ఎవరికీ ఒప్పజెప్పలేకపోయింది పెద్దమ్మ. ఆ మాట బయటికి అనలేదు.

వేడి సంకటి ముద్ద మధ్య బొటనవేలితో గుంట చేసి అందులో పప్పుకూర పోసింది. మనవరాలు నాలుగు వేళ్ళతో తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. నమలబోతే పెద్దమ్మ ఆపింది. సంకటి మింగాలట. రెండో ముద్దకు అలవాటైంది, మూడో ముద్ద అడిగి వేయించుకుంది. నేను శనగాకు కూర మూకుడు దగ్గరే ఉండిపోయాను.

అందరం లేచాక పెద్దమ్మ దాకను బోర్లించి, అడుగున అంటుకున్న ఎర్రటి మాడుచెక్కను గరిటెతో మెల్లగా లేపింది. నా చిన్నప్పుడు అది నాది. చెయ్యి చాపాను.

"నీకు పళ్ళు లేవులే" అని, విరిచి మనవరాలి చేతిలో పెట్టింది.