జవాబు వచ్చేదాకా ముట్టుకోకూడదు

కురిచేడులో ఇంట్లోనే కూర్చుని, ఎక్కడో ఉన్న డిస్కులోంచి బ్లాకులు చదివే ప్రోగ్రాములు సీ భాషలో రాస్తుంటాను. దానికి వాడేది నెట్‌వర్క్ బ్లాక్ డివైస్, పొట్టిగా ఎన్‌బీడీ. 1997లో పావెల్ మాచెక్ లినక్స్ కోసం దీన్ని రాశాడు. దూరాన ఉన్న డిస్కు మన మిషన్‌కే తగిలించినట్టు కనిపిస్తుంది గానీ, దూరం దూరంగానే ఉంటుంది.

అడిగిన మాట వెళ్లి జవాబు తిరిగి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. ఒక జీబీ డేటాను 64 కేబీ ముక్కలుగా తెప్పించాలంటే 16,384 రిక్వెస్టులు. ఒకటి వచ్చాకే ఇంకోటి అడుగుతూ పోతే ఎదురుచూపులకే ఐదున్నర నిమిషాలు పోతాయి. చేతిలో 100 ఎంబీపీఎస్ లైను ఉన్నా అది ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. సింగిల్ లైను మీద ముందు బండి అవతలి స్టేషను చేరేదాకా మన స్టేషన్లో బండికి సిగ్నల్ పడదు చూడండి, అలాగన్నమాట. ఆగకుండా వరసగా అడుగుతూ పోతే అదే జీబీ సుమారు నిమిషన్నరలో వచ్చేస్తుంది.

ఇలా అడగడానికి ఎన్‌బీడీలో మొదటినుంచీ వీలుంది. చదవమని పంపే రిక్వెస్టు 28 బైట్లు. ఎక్కడినుంచి చదవాలి, ఎంత చదవాలి అన్నవాటితోపాటు మనం వేసే 8 బైట్ల గుర్తు కూడా అందులోనే ఉంటుంది. దాన్ని కుకీ అంటారు. సాదా జవాబు 16 బైట్లే, దాని వెనకాలే డేటా. ఈ డేటా డిస్కులో ఏ చోటిదో జవాబులో రాసి ఉండదు, కుకీ ఒక్కటే తిరిగొస్తుంది. మూడోసారి అడిగిన బ్లాకు సర్వర్ మెమరీలో సిద్ధంగా ఉంటే, మొదటిదానికంటే అదే ముందు రావచ్చు. అడిగిన వరసలోనే వస్తాయని నమ్మి రాసిన కోడు టెస్టుల్లో బాగానే నడుస్తుంది. సర్వర్ మీద పని పెరిగిన రోజున మాత్రం ఒక బ్లాకు డేటా ఇంకో బ్లాకు చోట్లో పడుతుంది.

రెడ్ హ్యాట్‌లో రిచర్డ్ జోన్స్, ఎరిక్ బ్లేక్ 2019లో తెచ్చిన లిబ్ఎన్‌బీడీ ఈ లెక్కలన్నీ తానే చూసుకుంటుంది. ఏఐఓ పీరీడ్ అనే ఫంక్షన్‌కు బఫర్ ఇస్తే కుకీ చేతిలో పెట్టి వెంటనే తిరిగొస్తుంది. అడిగేశాం కదా అని ఊరుకుంటే పని కదలదు, పోల్ అనే ఫంక్షన్‌ను పిలుస్తూ ఉండాలి. డేటా చేరాక మనం చెప్పి ఉంచిన కాల్‌బ్యాక్ నడుస్తుంది. చదవడం ఫెయిలైనా అదే నడుస్తుంది కాబట్టి, బఫర్లోకి చూసే ముందు ఎర్రర్ చూడాలి.

లైబ్రరీ కూడా కాపాడలేనిది ఒకటుంది. బఫర్ ఇచ్చిన క్షణం నుంచి జవాబు వచ్చేదాకా ఆ మెమరీ మనది కాదు. రాయకూడదు, చదవకూడదు, ఫ్రీ చేయకూడదు. ఫంక్షన్ లోపలి లోకల్ అరేను బఫర్‌గా ఇచ్చి ఆ ఫంక్షన్ నుంచి బయటికొస్తే, తర్వాత వచ్చిన డేటా వేరే ఫంక్షన్ వాడుకుంటున్న స్టాక్ మీద పడుతుంది. కంపైలర్ ఒక్క మాట అనదు. అందుకే ఈ పని నేర్చుకునే పిల్లలకు వేగం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక్కో రిక్వెస్టుకు ఒక స్ట్రక్ట్ రాయిస్తాను: బఫర్, ఆఫ్‌సెట్, కుకీ, పని ముగిసిందో లేదో తెలిపే గుర్తు. ఫ్రీ అన్న పిలుపు కోడులో ఎక్కడెక్కడ ఉందో వెతికించి, ఒక్కోచోటా అప్పటికి జవాబు వచ్చేసిందని నాకు చూపించమంటాను. చూపించలేకపోతే ఆ కోడు ముందుకు పోనివ్వను.

ఎన్ని రిక్వెస్టులు ఒకేసారి దారిలో ఉంచాలన్నదీ ఇక్కడే తేలుతుంది. చాలామంది కళ్లుమూసుకుని 64 పెట్టేస్తారు. 100 ఎంబీపీఎస్ లైనులో 20 మిల్లీసెకన్లకు పట్టేది 250 కేబీ. 64 కేబీ ముక్కలైతే ఐదారుకే లైను నిండిపోతుంది. ఆ పైన వేసినవన్నీ క్యూలో నిలబడేవే, వాటి బఫర్లన్నిటినీ ముట్టుకోకుండా కాచుకోవాల్సిందీ మనమే. 4 కేబీ ముక్కలు చదివేచోట మాత్రం 64 నిజంగానే కావాలి.