ఎఱుకయు తృప్తియు : ఉపాధ్యాయుల ఆరోగ్య బీమా పరిశీలనలపై ఒక విమర్శ

ప్రభుత్వ ఆరోగ్య బీమాను గూర్చి ఉపాధ్యాయులకు ఎంత ఎఱుక కలదు, దానియెడ వారికి ఎంత తృప్తి కలదు అను విషయములపై పరిశోధన వ్యాసములు తఱచుగా వెలువడుచున్నవి. విషయము మిక్కిలి ప్రయోజనకరమైనది. అయినను ఇట్టి పరిశీలనల పద్ధతిలో ఒక లోపము కలదని నాకు తోచుచున్నది. తమిళనాటి పథకమును ఉదాహరణముగా గైకొని దానిని విన్నవించెదను. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతముల తెలుగు ఉపాధ్యాయులకు ఇది పరుల మాట కాదు.

తమిళనాడు ప్రభుత్వము 2012 జూలైలో ఆరంభించిన పథకమున ఉద్యోగి జీతమునుండి నెలకు 150 రూపాయలు మినహాయించి, కుటుంబమునకు నాలుగేండ్లలో 4 లక్షల వఱకు చికిత్సా వ్యయమును భరించు ఏర్పాటు ఉండెను. 2016లో చందా 180 రూపాయలయ్యెను. 2021 జూలైలో ఆరంభమైన పథకమున చందా 300 రూపాయలు, పరిమితి 5 లక్షలు. నిర్దిష్టమైన కొన్ని వ్యాధులకు, శస్త్రచికిత్సలకు 10 లక్షలు. కనుక "ఈ పథకమును మీరెఱుగుదురా?" అని అడిగినచో, జీతపు పట్టీ చూచుకొను ప్రతి ఉపాధ్యాయుడును ఎఱుగుదుననియే చెప్పును. అది పథకమును ఎఱుగుట కాదు, కోతను ఎఱుగుట.

నిజమైన ఎఱుక నిబంధనల ఎఱుక. ఆ పథకమున కుటుంబమనగా ఎవరు? భార్య లేక భర్త. ఉద్యోగమో వివాహమో అగునంతవఱకు, లేదా 25 ఏండ్లు నిండునంతవఱకు బిడ్డలు. ఉద్యోగి అవివాహితుడైనచో మాత్రమే తల్లిదండ్రులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో ఏర్పడిన ఉద్యోగుల ఆరోగ్య పథకములో ఆధారపడిన తల్లిదండ్రులకును చోటుండెను. మన బంధువర్గము సరిహద్దున కిరువైపులను ఉన్నది. ఆవలి మాట విని ఈవలను అట్లే యుండునని నమ్మువారు కలరు. నేనెఱిగిన ఒక ఉపాధ్యాయుడు తల్లిని ఆసుపత్రికి గొనిపోయి, కార్డు చూపిన పిదప గాని ఈ భేదమును తెలిసికొనలేదు. మఱునాడు ఇల్లాలి గాజులు తాకట్టునకు పోయెను. అంతకు వారము ముందు ఎవరైన ప్రశ్నపత్రమిచ్చియుండినచో, ఆయన "ఎఱుగుదును, తృప్తిగా నున్నాను" అనియే వ్రాసియుండును.

ఇక తృప్తి మాట. ప్రశ్నకు బదులు చెప్పువారు మూడు తెగలవారు. పథకమును ఎన్నడును వాడనివారు మొదటి తెగ. వాడియు, తమకు రావలసినదేమో తెలియనివారు రెండవ తెగ. తెలిసి వాడినవారు మూడవ తెగ. నగదు లేని చికిత్స అని చెప్పియు ఆసుపత్రివారు పైసొమ్ము అడిగినప్పుడు, తెలియనివాడు చెల్లించి, ప్రాణము నిలిచినదని సంతసించును. తెలిసినవాడు ఫిర్యాదు వ్రాయును. పరిశోధకుని పట్టికలో మొదటివాడు తృప్తుడు, రెండవవాడు అతృప్తుడు. ఈ మూడు తెగలను కలిపి సగటు తీసినచో వచ్చు అంకె దేనిని తెల్పును? ఎఱుక తక్కువైన చోట తృప్తి ఎక్కువగా కన్పట్టినచో, అది పథకపు గుణమని చెప్ప వీలులేదు.

పథకము నిరుపయోగమని నా మతము కాదు. అప్పుచేయకుండ గుండెకు శస్త్రచికిత్స చేయించుకొన్న ఇండ్లవారు దాని విలువను ఎఱుగుదురు. పరిశోధనము మఱికొంత నిశితముగా నుండవలెననియే నా కోరిక. చికిత్స పొందినవారిని వేఱుగా ప్రశ్నింపవలెను. తృప్తిని అడుగుటకు ముందు, చేతినుండి ఎన్ని రూపాయలు పోయెనో అడుగవలెను. తల్లిదండ్రులకు పథకము వర్తించునా అని అడిగి, బదులు సరియైనదో కాదో చూడవలెను. నిబంధనలను ఏ భాషలో చదివితిరని అడుగుట మన ప్రాంతములకు మఱింత ముఖ్యము.

ఇందు మన సంఘములకును ఒక కర్తవ్యము కలదు. గడువు తీరి క్రొత్త పథకము వచ్చినపుడెల్ల నిబంధనలు మాఱవచ్చును. అప్పటి ఉత్తరువును తేట తెలుగున రెండు పుటలుగా అచ్చువేసి, ప్రతి తెలుగు ఉపాధ్యాయునికి అందజేయుట పెద్ద వ్యయము కాదు. ఆసుపత్రి వాకిట నేర్చుకొను పాఠమునకు మూల్యము హెచ్చు. దానిని ముందుగానే ఇంట చదివికొనుట మేలు.