రెండు కళ్ల నడుమ గదులు

సైనస్ ఆపరేషన్ అంటే ముక్కులో చేసే చిన్న పనే అనుకుంటారు చాలామంది. బయటికి కుట్లు కనిపించవు, మర్నాటికల్లా ఇంటికి వెళ్లిపోతారు కనుక అలా అనిపించడం సహజమే. కానీ ఆ పని జరిగేది రెండు కళ్ల మధ్య, మెదడుకు సరిగ్గా కింద. అక్కడ ఉండేవి ఎత్మాయిడ్ సైనస్‌లు. బుగ్గ ఎముకలో ఉన్నట్టు ఒకటే పెద్ద గది కాదు, ఒక్కో వైపు 3 మొదలు 18 దాకా గాలి గదులు, తేనెపట్టులా.

మా పీజీలకు ఎండిన పుర్రెను దీపానికి ఎదురుగా పట్టి చూపిస్తుంటాను. ఈ గదులకూ కంటిగూటికీ మధ్య ఉన్న గోడలోంచి వెలుతురు ఇవతలికి వచ్చేస్తుంది. అంత పల్చన. జలుబు ముదిరిన పిల్లవాడికి ఒక కన్ను వాచి మూసుకుపోతే మేం కంగారుపడేది అందుకే. నుదుటి సైనస్ ఎదగడానికి ఏళ్లు పడుతుంది గానీ ఎత్మాయిడ్ గదులు పుట్టుకతోనే ఉంటాయి. వాటిలోని చీము ఆ గోడ దాటిందంటే కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, అటూ ఇటూ తిరగదు, చూపు తగ్గుతుంది. అప్పుడు చుక్కల మందు వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురావాలి.

2021 వేసవిలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బారులు తీరిన బ్లాక్ ఫంగస్ రోగుల్లో ఎందరికో ఆ ఫంగస్ కంటికి పాకింది ఈ దారినే.

పక్కగోడ కంటే పైకప్పు నన్ను ఎక్కువ భయపెడుతుంది. వాసన నరాలు మెదడులోకి వెళ్లే చోట కప్పు గుంటలా కిందికి దిగి ఉంటుంది. ఆ లోతును కెరోస్ అనే పరిశోధకుడు 1962లో మూడు తరగతులుగా విడగొట్టారు. మూడో తరగతిలో అది 8 నుంచి 16 మిల్లీమీటర్లు. గుంట పక్కనుండే ఎముక పుర్రె అడుగుభాగంలోకెల్లా పల్చనిది. అది చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. ఒకే మనిషిలో కుడివైపు లోతు, ఎడమవైపు లోతు వేరుగా ఉండొచ్చు కూడా. ఎండోస్కోపులు, సీటీలు లేని 1929లోనే అమెరికన్ సర్జన్ హారిస్ మోషర్ ఈ ఆపరేషన్ ప్రాణం తీయగలదని హెచ్చరించారు.

అందుకే కత్తి పట్టకముందు సీటీ స్కాన్‌ను ముక్క ముక్కగా నేనే చూస్తాను, పీజీల చేత పైకి చదివిస్తాను. కప్పు ఎంత లోతు? కంటివైపు గోడ ఎక్కడైనా తెగి ఉందా? ముందు ఎత్మాయిడ్ ధమని ఎముకలో దాగి ఉందా, విడిగా వేలాడుతోందా? అది తెగితే కంటిగూటిలోకి ముడుచుకుపోయి అక్కడే రక్తం కారుతుంది. ఆ ఒత్తిడి వెంటనే తగ్గించకపోతే చూపు పోతుంది. చివరగా ఒనోడి గది. వెనక గదుల్లో ఒకటి ఇంకా వెనక్కి సాగితే, చూపు నరం దాని గోడలోనే ఉంటుంది. రిపోర్టులో దాన్ని నార్మల్ వేరియంట్ అని రాస్తారు. రాయడంలో తప్పు లేదు, అది జబ్బు కాదు కదా. పరికరం లోపలికి పంపేవాడికి మాత్రం ఆ నార్మలే ముఖ్యం.

కనుక ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు రిపోర్టు కాగితం ఒక్కటే తేవద్దు. ఫిల్ములు, సీడీ కూడా తెచ్చి డాక్టర్ చేతికివ్వండి.